స్కాట్లండు వారి సోల్ సంగీతం

కళకు ఎల్లలు లేవని మన సభల్లో తరచు వింటూనే ఉంటాం. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి 1974లో అట్లాంటిక్ సంస్థ విడుదల చేసిన ఒక రికార్డు కథ పనికివస్తుంది. దాని పేరు 'ఎ.డబ్ల్యు.బి.'. పాడినవారు 'ఆవరేజ్ వైట్ బ్యాండ్', అంటే 'సగటు తెల్లవాళ్ళ మేళం'. ఆరుగురూ స్కాట్లండు యువకులు.

సోల్ సంగీతం అమెరికాలోని నల్లజాతివారి సొత్తు. చర్చి పాటల భక్తి, బ్లూస్ పాటల బాధ కలిసి 1950లలో ఆ బాణీ రూపుదిద్దుకుంది. సముద్రానికి ఇవతల ఉన్న ఈ యువకులు రికార్డులు విని, వాయించి దాన్ని పట్టుకున్నారు. 1972లో లండన్‌లో జట్టుకట్టారు. వారి రెండవ రికార్డును ఎం.సి.ఎ. కంపెనీ తిరగగొట్టింది. అప్పుడు అట్లాంటిక్‌లోని జెర్రీ వెక్స్‌లర్ వారిని చేరదీశారు. బాధ్యత ఆరిఫ్ మార్దిన్‌కు అప్పగించారు.

మార్దిన్ కూడా పరాయి దేశస్థుడే. 1932లో ఇస్తాంబుల్‌లో పుట్టి, 1958లో స్కాలర్‌షిప్పు మీద బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత విద్యాలయానికి వచ్చారు. అరెతా ఫ్రాంక్లిన్ పాటలకు పనిచేసిన అనుభవం ఆయనది. రికార్డుల్లో ప్రొడ్యూసర్ అంటే మన సినిమాల్లో లాగా డబ్బు పెట్టేవాడు కాదు. ఏ వాద్యం ఎక్కడ పలకాలో, ఎక్కడ ఊరుకోవాలో చూసేవాడు.

ఆ పొదుపు 'పికప్ ది పీసెస్'లో వినిపిస్తుంది. ఇందులో సాహిత్యం దాదాపు లేదు; పాట పేరే నడుమ కేకగా వస్తుంది. గిటారు ఒక చిన్న వరుసను తిప్పుతూ ఉంటుంది. దాని మీద రోజర్ బాల్, మాల్కమ్ డంకన్‌ల శాక్సోఫోన్లు ఒకే గొంతుగా పలుకుతాయి. తరువాత డంకన్ ఒక్కడే, మన కచేరీలో స్వరకల్పన చేసినట్టు, అందుకుంటాడు. 1975 ఫిబ్రవరిలో ఈ పాటా, ఈ రికార్డూ రెండూ అమెరికాలో ప్రథమ స్థానానికి చేరాయి.

డ్రమ్మరు రాబీ మెకింతాష్ అది చూడలేదు. 1974 సెప్టెంబరు 23న లాస్ ఏంజిలస్‌లో మత్తుమందుకు బలయ్యాడు. అతని స్థానంలో బ్రైటన్‌కు చెందిన నల్లజాతి యువకుడు స్టీవ్ ఫెరోన్ చేరాడు.

1975లోనే జేమ్స్ బ్రౌన్ వాద్యకారులు 'ఎబవ్ ఆవరేజ్ బ్లాక్ బ్యాండ్' అన్న పేరు పెట్టుకుని జవాబు పాట వేశారు. అందులో వేళాకోళం ఉంది, గుర్తింపూ ఉంది. నల్లజాతివారు పెంచిన చెట్టు కాయలు తెల్లవారి బుట్టలో పడ్డాయన్న ఆరోపణను సాధన ఒక్కటే తుడిచివేయలేదు. ఎవరి దగ్గర తెచ్చుకున్నామో చెప్పుకోవాలి. ఈ బృందం ఐస్లీ బ్రదర్స్ పాట 'వర్క్ టు డూ'ను కూడా ఇదే రికార్డులో పాడింది.

ద్వారం వెంకటస్వామినాయుడు గారి చేతిలో పాశ్చాత్యుల వయొలిన్ మనదైంది. పరాయి గడ్డ మీద పుట్టిన మన పిల్లలకు కూచిపూడి ఎలా అబ్బుతుందని పెదవి విరిచేవారు ఈ రికార్డు ఒకసారి వినాలి. పుట్టిన ఊరు అడ్డు కాదు. కావలసినవి రెండే: చెవిని సానపట్టే గురువు, మూలాన్ని మరువని కృతజ్ఞత. ఆ రెండూ సమకూర్చవలసిన బాధ్యత పెద్దలమైన మనదే.