లోహం మీదే నిలవాల్సిన సాక్ష్యం

ఇంగ్లండులో తయారైన పాత వెండి చెంచా కాడ వెనక కొన్ని చిన్న గుర్తులు వరుసగా కొట్టి ఉంటాయి: నడుస్తున్న సింహం, లంగరు, రాణి తల, డాలులాంటి చట్రంలో ఒక అక్షరం, పక్కన రెండు పొడి అక్షరాలు. సింహం ఉందంటే అది స్టెర్లింగ్ వెండి, వెయ్యికి 925 పాళ్లు స్వచ్ఛమైనది. లంగరు ఉందంటే పరీక్ష బర్మింగ్‌హామ్‌లో జరిగింది. ప్రభుత్వానికి సుంకం కట్టినట్టు చెప్పే తల గుర్తు 1784 నుంచి 1890 దాకానే వేశారు. ఆ మధ్య ఏలిన రాణి విక్టోరియా ఒక్కతే కనుక చెంచా 1837 తర్వాతిదని తేలుతుంది. అక్షరం ఏ సంవత్సరమో చెబుతుంది. పొడి అక్షరాలు దాన్ని పరీక్షకు తెచ్చిన వాడెవడో చెబుతాయి. ఇంత చరిత్ర చదవడానికి కాగితం అక్కర్లేదు, అమ్మేవాడి మాట అక్కర్లేదు, ఓ భూతద్దం చాలు. హాల్‌మార్క్ అనగానే మనం స్వచ్ఛతకు హామీ అని మాత్రమే అనుకుంటాం. ఆ హామీతో సమానంగా విలువైనది ఇంకొకటి ఉంది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్న మూడు ప్రశ్నలకూ జవాబు వస్తువును విడిచిపోకుండా దాని ఒంటిమీదే ఉండటం. మన దేశం 2000లో ఈ మూడింటితోనే మొదలుపెట్టి, తర్వాత రెండు విడతల్లో వాటిని లోహం మీదినుంచి తీసేసింది. అది పొరపాటనీ, దిద్దుకోవడం కష్టం కాదనీ నా వాదన.

గుర్తుల చరిత్రలో కళాభిమానం పాలు తక్కువ, అనుమానం పాలు ఎక్కువ. పరీక్షించి చిరుతపులి తల ముద్ర వేయనిదే ఏ వెండి పాత్రా పనివాడి చేయి దాటకూడదని ఇంగ్లండులో 1300లో శాసనం వచ్చింది. ముద్ర ఉన్నా లోహంలో కల్తీ బయటపడితే ఎవరిని పట్టుకోవాలి? అందుకని 1363లో ప్రతి కార్ఖానా యజమానీ తనదైన గుర్తు ఒకటి వేసి తీరాలన్నారు. మరి పరీక్షించేవాడే లాలూచీ పడితే? 1478 నుంచి లండన్ కంసాలుల సంఘపు గోల్డ్‌స్మిత్స్ హాలులో ఏడాదికొక అక్షరం కొట్టడం మొదలైంది. కల్తీ సరుకు దొరికినప్పుడు ఆ ఏడు పరీక్ష బాధ్యత ఎవరిదో అక్షరాన్ని బట్టి తేల్చేవారు. ఈనాడు పాత వస్తువుల తేదీ నిర్ణయించడానికి ఇంతగా పనికొస్తున్న అక్షరం పుట్టింది పరీక్షకుణ్ణి జవాబుదారీ చేయడానికి. లండన్‌లో ఇరవై అక్షరాలు పూర్తయ్యాక లిపినీ చట్రం ఆకారాన్నీ మార్చి మళ్లీ మొదటికి వచ్చేవారు. నాణేలు కరిగించి పాత్రలు చేసుకోవడం మితిమీరిందని 1697లో పాత్రల వెండి ప్రమాణాన్ని 958.4 పాళ్లకు పెంచి, సింహం బదులు కూర్చున్న బ్రిటానియా స్త్రీమూర్తి ముద్ర పెట్టారు. 1720లో స్టెర్లింగ్ తిరిగి వచ్చింది. నాణేల సంక్షోభం ఆ నడిమి ఇరవై మూడేళ్ల ప్రతి గిన్నె అడుగునా నమోదై ఉంది.

గుర్తులు అబద్ధమాడవా అని అడగవచ్చు. ఆడతాయి, చాలాసార్లు ఆడాయి. 1720 నుంచి ఔన్సుకు ఆరు పెన్నీల సుంకం పడేసరికి కొందరు పనివాళ్లు చిన్న వస్తువొకటి పరీక్షకు పంపి, దాని మీద పడ్డ ముద్రల ముక్కను కత్తిరించి, బరువైన పాత్ర అడుగున టంకం పెట్టి అతికారు. తయారీదారు గుర్తనేదీ చేసినవాడి చేతి సంతకం కానక్కర్లేదు. ఆ సరుకుకు పూచీపడ్డవాడి గుర్తు అది. ఈ అభ్యంతరం నిజమే గానీ, దాని నుంచి తేలేది గుర్తులు వృథా అని కాదు. ఒక వస్తువు మీద నాలుగైదు గుర్తులుంటే అవి ఒకదాన్నొకటి నిలదీస్తాయి. అక్షరం చెప్పే సంవత్సరానికి తయారీదారు ఇంకా పని మొదలుపెట్టకపోయినా, చట్రం ఆకారం ఆ ఊరికి సరిపోకపోయినా, పాత్ర తీరు ఆ కాలానిది కాకపోయినా మోసం బయటపడుతుంది. అతికిన ముక్క మీద నోటి ఆవిరి ఊదితే అతుకు గీత తేలుతుంది. సాక్షులు ఎక్కువైనకొద్దీ దొంగసాక్ష్యం నిలవడం కష్టం. పూచీదారు గుర్తు చేసే మేలు వేరే ఉంది. హెస్టర్ బేట్‌మన్ అనే లండన్ స్త్రీ భర్త పోయాక 1761లో తన పేరిట గుర్తు నమోదు చేసుకుని, కొడుకులతో కలిసి దాదాపు ముప్ఫై ఏళ్లు కార్ఖానా నడిపింది. ప్రతి వస్తువూ ఆమె చేతిమీదుగా తయారై ఉండదు. అయినా హెచ్, బి అన్న ఆ రెండు అక్షరాలు లేకపోతే పద్దెనిమిదో శతాబ్దపు వెండి పనిలో ఓ వితంతువు ఇంత పెద్ద వ్యాపారం నిలబెట్టిందని ఇప్పుడెవరూ అనుకోను కూడా అనుకోరు.

లోహం మీద ఎందుకు, చిట్టాలో రాసుకుంటే చాలదా అన్నది అసలు ప్రశ్న. దీనికి జవాబు కూడా లండన్ చరిత్రలోనే ఉంది. గోల్డ్‌స్మిత్స్ హాలులో 1681లో జరిగిన అగ్నిప్రమాదంలో అంతకు ముందరి తయారీదారుల నమోదు పుస్తకాలు పోయాయి. పదిహేడో శతాబ్దపు ఎన్నో గుర్తులకు అసలు పేర్లు ఈనాటికీ తెలియకపోవడానికి అదే కారణం. పెద్ద పాత్రలు చేసేవారి నమోదు పుస్తకాల్లో 1758 నుంచి 1773 దాకా ఉండాల్సినది ఇప్పుడు లేదు. నమోదులు పోయినా వస్తువుల మీది సింహం, ఊరి గుర్తు, అక్షరం, పొడి అక్షరాలు మిగిలాయి. అందువల్ల ఏడూ ఊరూ ఇప్పటికీ చెప్పగలుగుతున్నారు. ఒకే పొడి అక్షరాలున్న పాత్రలన్నిటినీ ఒక చోట పేర్చి, పేరు తెలియకపోయినా ఒకే కార్ఖానాను గుర్తుపట్టగలుగుతున్నారు. దేశంలోకెల్లా పటిష్ఠమైన సంఘం, రాజశాసనం అండగా దాచుకున్న పుస్తకాల గతే అది.

మన దగ్గర కథ వేరు. స్వచ్ఛత పరీక్షలో మనవాళ్లు ఎవరికీ తీసిపోలేదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం బంగారు పనికి ఓ అధ్యక్షుణ్ణి పెట్టి, కంసాలులు బంగారం కాజేసే పద్ధతులను పేరుపేరునా చెప్పి, పెసర రంగులో ఉండే కళింగ దేశపు గీటురాయి శ్రేష్ఠమంది. అక్బరు కాలపు ఐన్-ఎ-అక్బరీ వన్నె తెలిసిన బంగారు మచ్చులతో గీటు పక్కన గీటు పెట్టి పోల్చే పద్ధతిని వివరించింది. ఇంత నేర్పూ గీటురాయి మీదే ఆగిపోయింది. ఫలితాన్ని నగ మీద రాయలేదు. రాయాల్సిన అవసరమూ అప్పట్లో లేదు. కంసాలి ఊళ్లోవాడు, తాతల నాటి నుంచి ఇంటి పని చేస్తున్నవాడు. తేడా వస్తే అతని గడపకే వెళ్లేవారు. మనకు పాత్ర మీద చెక్కించే అలవాటుంది గానీ, చెక్కించేది సొంతదారు పేరు, పెళ్లి తేదీ, కానుక ఇచ్చినవారి పేరు. చేసినవారి పేరు కాదు. కాసులపేరులో అసలు నాణేలు కూర్చి ఉంటే వాటి మీది సంవత్సరాన్ని బట్టి ఆ నగ అంతకు ముందరిది కాదని చెప్పవచ్చు, అంతకు మించి చెప్పలేం. కరీంనగరు వెండితీగ పనికి అంత పేరున్నా, పాత పళ్లేల్లో ఏది ఎవరి చేతిదో చెప్పే గుర్తులు వెతికినా అరుదు.

గుర్తు ఉంటే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ మన దేశంలోనే ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర కచ్ సంస్థానంలో భుజ్ పట్నపు ఉమర్సీ మావ్‌జీ తన వెండి పని మీద ఓ, ఎం అనే అక్షరాలూ భుజ్ అన్న మాటా కొట్టించాడు. ఈనాడు అతని పాత్రలను ప్రపంచమంతటా పేరుతో గుర్తిస్తున్నారు. అదే కాలంలో మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్ కంపెనీ దేవతా విగ్రహాలు ఉబ్బెత్తుగా చెక్కిన స్వామి పని వెండితో ప్రసిద్ధికెక్కింది. బ్రిటిష్ ఇండియాలో ప్రభుత్వ పరీక్ష కార్యాలయం లేదు కనుక కంపెనీలు తమ పేరే ముద్రగా వేసుకున్నాయి. కలకత్తాలో హామిల్టన్ కంపెనీలాంటివి లండన్ వరుసను తలపించే గుర్తులు కూడా పక్కన కొట్టాయి. ఆ విగ్రహాలు చెక్కింది మన కంసాలులు. పాత్ర మీద మిగిలింది దొర పేరు. వాళ్లకు నైపుణ్యం కొరవడలేదు, నమోదు కొరవడింది. ఆ మరుపుకు నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇంత ఆలస్యంగా 2000లో భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) బంగారానికి హాల్‌మార్క్ తెచ్చినప్పుడు ఏర్పాటు ముచ్చటగా ఉండేది. త్రికోణపు బీఐఎస్ చిహ్నం, 916 లాంటి స్వచ్ఛత అంకె, పరీక్ష కేంద్రం గుర్తు, సంవత్సర అక్షరం, నగల వ్యాపారి గుర్తు. ఏ అంటే 2000, జే అంటే 2008. అచ్చంగా లండన్ పద్ధతే. 2017లో సంవత్సర అక్షరం తీసేశారు. 2021 జూన్ 16 నుంచి 256 జిల్లాల్లో హాల్‌మార్క్ తప్పనిసరైంది. ఆ జూలై నుంచి కేంద్రం గుర్తు, వ్యాపారి గుర్తు రెండూ పోయి అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ సంఖ్య వచ్చింది. ఇప్పుడు నగ మీద కనిపించేది చిహ్నం, స్వచ్ఛత, ఆ సంఖ్య. మిగతాదంతా ఫోన్లో యాప్ తెరిస్తేనే తెలుస్తుంది. కొనుగోలుదారుడికి ఇది మేలే చేసింది. కేడీఎం (కాడ్మియంతో అతికిన బంగారం) అన్న మాట నమ్మి మోసపోయే రోజులతో పోలిస్తే ఒక్కో నగకూ ఒక్కో సంఖ్య ఉండటం పెద్ద రక్షణ. దాన్ని తీసేయమని నేననను. తీసేసినవాటిని తిరిగి పెట్టమంటున్నాను. సంఖ్యకు అర్థమంతా కంప్యూటరులో ఉంది. ఆ చిట్టా అందుబాటులో లేని రోజున ఆరు అక్షరాలూ మూగబోతాయి. నగ మీద దాన్ని నిలదీసే ఇంకో సాక్షీ మిగలదు.

చిన్న నగ మీద చోటు చాలదంటారు. లేజరుతో ఆరు అక్షరాలు వేయగలిగిన చోట ఏడో అక్షరం పట్టకపోదు. కంప్యూటరు చిట్టా కాగితంలా కాలిపోదంటారు. కాలిపోకపోవచ్చు, కానీ సాంకేతిక పద్ధతులు మారతాయి, సంస్థల పనితీరు మారుతుంది. మనవరాలి పెళ్లికి దాచిన నగ అరవై డెబ్బై ఏళ్లు బతుకుతుంది. ఏ యాపైనా అంత కాలం బతుకుతుందని ఎవరూ పూచీపడలేరు. బ్రిటనే 1999 నుంచి సంవత్సర అక్షరాన్ని ఐచ్ఛికం చేసిందిగా అన్నది బలమైన అభ్యంతరం. నిజమే. అయితే పూచీదారు గుర్తును, పరీక్ష కార్యాలయం గుర్తును అక్కడ తప్పనిసరిగానే ఉంచారు. మనం రెండూ వదిలేశాం. ఎలాగూ పాత నగలు కరిగించి కొత్తవి చేయించుకుంటాం కదా అన్నది ఆఖరిది. కరిగేవి కరుగుతాయి. కరగకుండా మిగిలే కొద్దిపాటివే రేపటి చరిత్రకు ఆధారం. పైగా కుందన్, పోల్కీ, జడావు నగలకు తప్పనిసరి హాల్‌మార్క్ నుంచి మినహాయింపు ఉంది. హైదరాబాదు రాళ్ల నగల్లో ఎంతో పనితనమున్నవి చాలావరకు ఆ కోవలోకే వస్తాయి. వాటికి ఏ ముద్రా పడకుండానే తరం దాటిపోతోంది.

ప్రమాణాల సంస్థ వ్యాపారి గుర్తునూ పరీక్ష కేంద్రం గుర్తునూ సంవత్సర అక్షరాన్నీ లోహం మీదికి తిరిగి తేవాలి. మినహాయింపు పొందిన రాళ్ల నగలకు కనీసం తయారీదారు గుర్తు వేసే వీలు కల్పించాలి. ఇంట్లో పాత నగ ఉన్నవారికి ఒక విన్నపం. మార్చడానికి ఇచ్చేముందు కొక్కెం లోపల, మరచీల కింద, వడ్డాణం వెనక రేకు మీద భూతద్దంతో ఒకసారి చూడండి. గుర్తు కనిపిస్తే దగ్గరగా ఫోటో తీసి పెట్టుకోండి. ఏ గుర్తూ లేకపోతే, చేయించింది ఎవరో, ఏ ఊరి కంసాలి చేశాడో తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే అడిగి తేదీతో సహా రాసి ఆ నగతోపాటే పెట్టెలో ఉంచండి.