పేరు ఉంచి అమ్ముకోండి

1998 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో కొందరు ప్రోగ్రామర్లు కూర్చుని ‘ఓపెన్ సోర్స్’ అన్న మాటను ఖాయం చేశారు. అదే ఏడాది నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించారు. ఈ రెంటికీ లంకె ఉంటుందని అప్పట్లో ఎవరికీ తోచి ఉండదు. ఇవాళ హైటెక్ సిటీలో తయారవుతున్న సాఫ్ట్‌వేర్‌ను విప్పి చూస్తే, ఎక్కడో ఎవరో రాసి ‘వాడుకోండి’ అని వదిలిన కోడ్ పొరలు పొరలుగా బయటపడుతుంది.

ఊరికే దొరికేదాన్ని డబ్బుకు అమ్మవచ్చా? ఈ ప్రశ్న ‘ఓపెన్ సోర్స్’ అన్న మాట కన్నా పాతది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఆద్యుడైన రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో తన ఈమాక్స్ ఎడిటర్‌ను టేపు మీద ఎక్కించి 150 డాలర్లకు అమ్మేవాడు. లైనస్ టోర్వాల్డ్స్ మాత్రం 1991లో లినక్స్‌ను వదిలినప్పుడు డబ్బు తీసుకుని పంచకూడదన్నాడు. మరుసటి ఏడాదే ఆ షరతు ఎత్తేసి జీపీఎల్ లైసెన్స్‌కు మారాడు. అంటే జీపీఎల్ కింద అమ్మకం ఒప్పుకున్నదే. జీపీఎల్ అడిగేది వేరు: కొన్నవాడికి సోర్స్ కోడ్ అందాలి, మళ్లీ పంచుకునే హక్కూ దక్కాలి. విశ్వవిద్యాలయాల నుంచి వచ్చిన ఎంఐటీ, బీఎస్‌డీ లైసెన్స్‌లు అదీ అడగవు. రాసినవారి పేరున్న నోటీసును చెరపవద్దంటాయి, అంతే.

ఆ చిన్న షరతుకు కోర్టులో విలువ ఉందా అన్నది బొమ్మ రైళ్ల దగ్గర తేలింది. బెర్కిలీ భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ జాకబ్‌సన్ మిత్రులతో కలిసి బొమ్మ రైళ్లను నడిపే ప్రోగ్రాం రాసి ఉచితంగా పెట్టారు. ఒక వ్యాపారి అందులోని ఫైళ్లను తీసుకుని, రచయితల పేర్లూ కాపీరైట్ నోటీసులూ లేకుండా తన సరుకులో కలిపాడు. ఇది మహా అయితే ఒప్పందం తప్పడమే అని కింది కోర్టు అంది. 2008లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ మాట కొట్టేసింది. డబ్బు తీసుకోనంత మాత్రాన రచయిత పెట్టిన షరతు గాలికి పోదని, దాన్ని మీరితే కాపీరైట్ ఉల్లంఘన కిందికి రావచ్చని తేల్చింది.

మన దగ్గర కథ భాషతో మొదలైంది. 2005లో హైదరాబాద్‌లో పుట్టిన ‘స్వేచ్ఛ’ సంస్థ కార్యకర్తలు లినక్స్ డెస్క్‌టాప్‌ను తెలుగులోకి తెచ్చారు. ఇళ్లలో, దుకాణాల్లో దొంగ కాపీ విండోసే రాజ్యమేలుతున్న రోజులవి. చట్టబద్ధంగా కాపీ చేసుకోగల సీడీ ఒకటి ఉంటుందని చాలామందికి అప్పుడే తెలిసింది.

తర్వాత ఫాంట్ల వంతు. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన ధూర్జటి, రామభద్ర, మండలి వంటి తెలుగు ఖతులను సిలికానాంధ్ర ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద విడుదల చేసింది. ఈ లైసెన్స్‌లో గీత స్పష్టంగా ఉంది. పెండ్లి పత్రిక వేసి అమ్ముకోవచ్చు, పుస్తకం అచ్చేసుకోవచ్చు, ఏదైనా సాఫ్ట్‌వేర్‌తో కలిపీ అమ్మవచ్చు. ఖతిని విడిగా అమ్మకూడదు. ఉచిత ఖతులన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో పోసి ‘తెలుగు ఫాంట్స్ ప్యాక్’ అని ధర కడితే అది నేరుగా ఉల్లంఘనే.

పెద్ద కంపెనీల సంగతి ఇంకా చిక్కు. ఎలాస్టిక్ కంపెనీ అపాచీ లైసెన్స్ కింద వదిలిన ఎలాస్టిక్‌సెర్చ్ అనే వెతుకులాట సాఫ్ట్‌వేర్‌ను అమెజాన్ తన క్లౌడ్‌లో సేవగా అమ్ముకుంది. ఆ లైసెన్స్ అందుకు ఒప్పుకుంటుంది. 2021లో ఎలాస్టిక్ కంపెనీ లైసెన్స్ మార్చేస్తే, అమెజాన్ పాత కోడ్‌తోనే ఓపెన్‌సెర్చ్ మొదలుపెట్టింది. తలుపు తీసి పిలిచి, వచ్చినవాడు ఎక్కువ తిన్నాడని గొళ్లెం వేయడం న్యాయమనిపించదు. వండినవారి బాగోగులు పట్టని అతిథిదీ మర్యాద కాదు.

2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఇంకో దారి పట్టింది. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల సారథ్యంలోని ఆ కంపెనీ, ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో తన స్టోర్‌లో లాభం తీయకూడదని నిబంధన రాసింది. పరాయివాళ్ల ప్రోగ్రాములకు ధర కట్టి అమ్మేవారిని ఆపాలన్నది ఉద్దేశం. కానీ ఆ దెబ్బ అసలు రచయితలకే తగిలేది. బొమ్మలు గీసే క్రిటా ప్రోగ్రాం తయారీదారులు అక్కడి అమ్మకాలతోనే తమ పనికి కొంత నిధి సమకూర్చుకుంటున్నారు. సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ అనే సంస్థ అభ్యంతరం చెప్పింది. జూలైలోనే మైక్రోసాఫ్ట్ ఆ వాక్యం తీసేసింది. నకిలీ అమ్మకందారును పట్టుకోవడానికి ట్రేడ్‌మార్క్ ఉండనే ఉంది: కోడ్ ఎవరైనా వాడుకోవచ్చు గానీ, పేరూ గుర్తూ పెట్టుకుని అసలువాడిలా నటించకూడదు.

భారత కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య కృతిగానే లెక్కిస్తుంది. ఆ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం హక్కులన్నీ అమ్మేసుకున్నా, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రచయితను విడిచిపోదు. కవికి ఉన్న ఆ గౌరవం కోడ్ రాసేవారికీ దక్కిందన్నమాట. హైటెక్ సిటీ కంపెనీలు విదేశీ క్లయింటుకు సరుకు అప్పగించే ముందు లైసెన్స్‌ల జాబితా సరిచూసుకుంటాయి. అక్కడికి మెట్రోలో కొద్ది దూరంలోనే అమీర్‌పేటలో, ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులు రెడీమేడ్‌గా దొరుకుతాయి. గిట్‌హబ్ నుంచి దించిన కోడ్‌లో రచయిత పేరు తీసి తన హాల్‌టికెట్ నంబరు వేసుకున్న విద్యార్థే రేపు ఆ జాబితా సరిచూసే కుర్చీలో కూర్చుంటాడు. ఎంఐటీ లైసెన్స్ ఫైలు ఇరవై వరుసలకు అటూ ఇటూ ఉంటుంది. కాలేజీ ల్యాబ్‌లో మొదటి రోజే దాన్ని తెరిచి చదివించడానికి పది నిమిషాలు చాలు.