బడి దాకా రాని షిల్లింగులు

1985లో కలహండి వెళ్ళొచ్చాక రాజీవ్ గాంధీ అన్నమాట మనందరికీ కంఠతా వచ్చు: రూపాయి పంపిస్తే పేదవాడికి చేరేది పదిహేను పైసలేనని. ఆ పదిహేనుని ఎవరు లెక్కపెట్టారని మాత్రం ఎవరమూ అడగం. (నేనూ చాన్నాళ్ళు అడగలేదు లెండి.) కూర్చుని లెక్కపెట్టిన దేశం ఒకటుంది. ఉగాండా.

1990ల మొదట్లో అక్కడ ప్రాథమిక విద్యకి బడ్జెట్ పెంచుతూ పోయారు. సర్కారు గణాంకాల్లో పిల్లల సంఖ్య మాత్రం కదల్లేదు. మరి డబ్బేమైనట్టు? 1996లో ప్రపంచ బ్యాంకుకి చెందిన రిత్వా రెయినిక్కా వాళ్ళు చేసిన పని, మా భాషలో చెప్పాలంటే శుద్ధ డీబగ్గింగే. ఎంత పంపామని పైన రాసుకున్నారు, ఎంత అందిందని బడి పుస్తకంలో ఉంది, రెండూ పక్కపక్కన పెట్టి చూడ్డం. అలా 250 బళ్ళు తిరిగారు.

ముందు గణాంకాలే తప్పని తేలింది. బడి రిజిస్టర్ల ప్రకారం 1991-95 మధ్య పిల్లలు 60 శాతం దాకా పెరిగారు! అసలు సంగతి ఆ తర్వాతది. పుస్తకాలకీ సుద్దముక్కలకీ పిల్లవాడికింత అని ఇచ్చే గ్రాంటులో బడికి చేరింది సగటున 13 శాతం. ఈ సగటు కూడా మోసమే, ఎక్కువ బళ్ళకి ఏమీ రాలేదు. మిగతాది జిల్లా ఆఫీసులు దాటలేదన్నమాట. అలాంటి గ్రాంటొకటి ఉందని తల్లిదండ్రులకి తెలిస్తే కదా అడగడానికి! వాళ్ళు పాపం ఫీజులూ చందాలూ కట్టుకుంటూ బడి నడిపిస్తున్నారు.

ఆ తర్వాత ఏ జిల్లాకి ఎంత పంపారో పేపర్లో వేశారు, బడి గోడ మీదా అంటించమన్నారు. 2001 నాటికి 80 శాతం పైనే చేరింది. ఇంకేముంది, పేపర్లో వేస్తే చాలు అవినీతి పోతుందని ప్రపంచమంతా చెప్పుకున్నారు. నాకెందుకో అంత సులువుగా మింగుడు పడలేదు. 1997లో ఉచిత ప్రాథమిక విద్య మొదలైంది, నిధులు పంపే పద్ధతీ మారింది. ఇన్ని మార్పులు ఒకేసారి చేసి, బగ్ పోయింది ఈ ఒక్క లైను వల్లే అంటే మా టీములో ఎవరూ ఒప్పుకోరు. 2007లో పాల్ హబ్బర్డ్ లేవనెత్తిన అభ్యంతరమూ దాదాపు ఇదే.

ఇంతకీ ఆ సర్వేలో 100 ఆసుపత్రులు కూడా ఉన్నాయి, చిన్నచిన్నవి. వాటి శాతం ఎక్కడా కనబడదు. వాటికొచ్చేది డబ్బు కాదు, మందులు. ఎన్ని వచ్చాయో సరిగ్గా రాసిపెట్టిన పుస్తకాలు లేవు. బళ్ళలో హెడ్మాస్టర్లు రాశారు కాబట్టి 13 అని తెలిసింది.