దారి కూడా వారసత్వమే

పాతకాలపు కార్లలో దూరప్రయాణాలు అనగానే డబ్బున్న మగవాళ్ల సరదాలే గుర్తుకొస్తాయి. 2014 జూలైలో 77 ఏళ్ల హైడీ హెట్జర్ 1930 నాటి హడ్సన్ కారులో బెర్లిన్ నుంచి ప్రపంచయాత్రకు బయలుదేరినప్పుడు మాత్రం ఆమె ముందున్నది మరో స్త్రీ వేసిన దారి.

ఆ స్త్రీ క్లేరెనోర్ ష్టిన్నెస్. జర్మనీలో మహా సంపన్నుడైన పారిశ్రామికవేత్త హ్యూగో ష్టిన్నెస్ కూతురు. 1924లో ఆయన చనిపోయాక వ్యాపారాల పగ్గాలు కొడుకుల చేతికి వెళ్లాయి. కూతురు కారు పందాల వైపు వెళ్లింది. 1927 మే 25న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆడ్లర్ కారెక్కింది. వెంట ఒక లారీ, ఇద్దరు మెకానిక్‌లు, స్వీడన్ ఛాయాగ్రాహకుడు కార్ల్ ఆక్సెల్ సోడర్‌స్ట్రోమ్. మెకానిక్‌లు మధ్యలోనే వెనుదిరిగారు. మిగిలిన ఇద్దరూ గడ్డకట్టిన బైకాల్ సరస్సునీ, గోబీ ఎడారినీ దాటారు. ఆండీస్ కొండల్లో డైనమైట్‌తో రాళ్లు పేల్చుకుంటూ సాగారు. దాదాపు 47,000 కిలోమీటర్లు తిరిగి 1929 జూన్‌లో బెర్లిన్ చేరారు.

దీన్ని ఒంటరి సాహసగాథగా కీర్తించడం తేలిక. కానీ ఆమెకు కంపెనీల డబ్బు అండగా ఉంది, తండ్రి పేరు అండగా ఉంది. ఆండీస్‌లో తాళ్లు కట్టి ఆ కారుని లాగిన స్థానికుల పేర్లు మనకు అందలేదు. స్త్రీల చరిత్ర రాసుకునేటప్పుడు వర్గాన్ని పక్కన పెట్టేస్తే మనం కూడా పాత చరిత్రకారుల తప్పే చేస్తాం.

హైడీకి దక్కిన వారసత్వం వేరు. తండ్రి వర్క్‌షాపులో మెకానిక్ పని నేర్చుకుంది. ఆయన తర్వాత 1969లో ఆ వ్యాపారాన్ని తనే చేతుల్లోకి తీసుకుని నాలుగు దశాబ్దాలు నడిపింది. కారు నడిపే స్త్రీని లోకం ఎలాగో ఒప్పుకుంటుంది. బానెట్ ఎత్తి ఇంజిన్‌లో చెయ్యి పెట్టే స్త్రీనే నమ్మదు. దాదాపు ఎనభై నాలుగేళ్ల పాత బండి దారి పొడవునా కోరేది ఆ చేతినే. సహప్రయాణికులు మారుతూ వచ్చారు, బండి పదేపదే మొరాయించింది. ఆమె 2017 మార్చిలో బెర్లిన్‌కి తిరిగొచ్చింది. 2019లో కన్నుమూసింది.

క్లేరెనోర్‌కి తండ్రి సామ్రాజ్యం దక్కలేదు, అదీ 1925లోనే కుప్పకూలింది. ఆమె వేసిన దారి మాత్రం ఎనభై ఏడేళ్ల తర్వాత, నెత్తుటి సంబంధం లేని ఇంకో స్త్రీకి అందింది. ఏ వీలునామాలోనూ లేని ఇలాంటి ఆస్తుల లెక్కలు కూడా మన చరిత్రలో రాసుకోవాలి.