అమెరికా, కెనడా నగర శివార్లు: జనసాంద్రత, విస్తరణ

అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడా పొరుగు దేశాలు; రెండింటిలోనూ నేలకు కొదవ లేదు, కారు వాడకం ఎక్కువ, పెరటితో కూడిన సొంత ఇంటిపై మక్కువ బలమైనది. అయినా రెండో ప్రపంచయుద్ధం తరువాత ఈ రెండు దేశాల నగర శివార్లు ఒకే తీరున పెరగలేదు. జనసాంద్రత అంటే ఒక చదరపు కిలోమీటరు నేలపై సగటున నివసించేవారి సంఖ్య. శివారు విస్తరణ అంటే నగరం తన జనాభా పెరుగుదలను మించిన వేగంతో చుట్టుపక్కల పొలాలను, అడవులను కలుపుకొంటూ పోవడం వల్ల ఇల్లు, దుకాణం, బడి, ఉద్యోగస్థలం ఒకదానికొకటి దూరమై, కారు లేనిదే రోజు గడవని స్థితి ఏర్పడడం. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం తరచూ జరిగే పొరపాటు.

2016 కెనడా జనగణన ప్రకారం టొరంటో పట్టణప్రాంతంలో చదరపు కిలోమీటరుకు 3,028 మంది, మాంట్రియల్‌లో సుమారు 2,720, వాంకూవర్‌లో 2,580, కాల్గరీలో 2,110 మంది ఉన్నారు. 2010 అమెరికా జనగణనలో లాస్ ఏంజెలిస్ పట్టణప్రాంతానికి సుమారు 2,700, న్యూయార్క్‌కు 2,050, షికాగోకు 1,360, బోస్టన్‌కు 860, అట్లాంటాకు 660 మంది చొప్పున లెక్క తేలింది. అయితే ఈ అంకెలను పక్కపక్కన పెట్టే ముందు కొలబద్దను పరిశీలించాలి. కెనడాలో ఒక ప్రాంతాన్ని పట్టణంగా గుర్తించడానికి చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలన్న నియమం ఉండగా, 2010 నాటి అమెరికా నియమం చదరపు మైలుకు 500 మంది, అంటే చదరపు కిలోమీటరుకు దాదాపు 193 మంది మాత్రమే ఉన్న అంచులను కూడా పట్టణంలో కలిపింది. కాబట్టి ఈ తేడాలో కొంత భాగం నిర్వచనం నుంచే పుట్టింది. కానీ అట్లాంటాకూ టొరంటోకూ మధ్య ఉన్న నాలుగున్నర రెట్ల వ్యత్యాసాన్ని నిర్వచనం ఒక్కటే వివరించలేదు.

లాస్ ఏంజెలిస్ సగటు న్యూయార్క్ సగటును మించడం చాలామందికి నమ్మశక్యంగా తోచదు. ఈ చిక్కు విడదీయడానికి పండితులు జనభారిత సాంద్రత అనే కొలతను వాడతారు; ఇందులో మొత్తం నేలను లెక్కించక, ఒక్కొక్క నివాసి తన పేటలో చవిచూసే సాంద్రతల సగటును తీస్తారు. ఈ కొలతలో 2010 నాటికి న్యూయార్క్ మహానగర ప్రాంతానికి చదరపు మైలుకు 31 వేలు, లాస్ ఏంజెలిస్‌కు 12 వేలు వచ్చాయి. అంటే న్యూయార్క్ నడిబొడ్డు కిక్కిరిసి ఉండగా దాని శివార్లు పలచబడ్డాయి. కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుకైన లాస్ ఏంజెలిస్‌లో నడిబొడ్డు అంతగా కిక్కిరిసి లేకపోయినా, శివార్లు చిన్న స్థలాల్లో దగ్గరదగ్గరగా కట్టినవి. విస్తరణకు ప్రతీకగా ఈ నగరాన్నే చూపడం అన్యాయం. ఎకరానికో ఇల్లు కనిపించే బోస్టన్, అట్లాంటా పొలిమేరలే ఆ పేరుకు తగినవి.

అమెరికాలో ఈ పలచదనానికి ప్రభుత్వ విధానం పునాది వేసింది. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ గృహరుణాలకు బీమా ఇస్తూ కొత్త శివారు ఇళ్లను ప్రోత్సహించి, నల్లజాతివారు నివసించే పేటలకు ఆ సౌకర్యం నిరాకరించింది. 1947లో లాంగ్ ఐలాండ్‌లో మొదలై 17 వేలకు పైగా ఇళ్లతో పెరిగిన లెవిట్‌టౌన్ ఆ కాలపు నమూనా, అక్కడ శ్వేతజాతీయులు కానివారికి ఒప్పందపత్రాలే తలుపులు మూశాయి. 1956 రహదారి చట్టం సుమారు 66 వేల కిలోమీటర్ల అంతర్రాష్ట్ర రహదారులకు 90 శాతం ఖర్చును కేంద్రం భరించేలా చేసి, వాటిని నగరాల గుండెల్లోంచి కోసుకుపోయేలా నడిపింది. గృహరుణ వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు దొరకడం పెద్ద ఇంటిని ఇంకా ఆకర్షణీయం చేసింది. చిన్న చిన్న పురపాలికలు ఎవరికి వారు కనీస స్థల పరిమాణాన్ని నిర్ణయించుకొని, తక్కువ ఆదాయం వారిని, అపార్ట్‌మెంట్లను దూరంగా ఉంచగలిగాయి.

కెనడాలో సొంత ఇంటి రుణవడ్డీకి అలాంటి మినహాయింపు లేదు. నగరాల మధ్యలోంచి రహదారులు వేయడానికి కేంద్రం అంత భారీగా డబ్బు పెట్టనూ లేదు. 1954 నుంచి పనిచేసిన మెట్రో టొరంటో పాలకమండలి 13 పురపాలికలకు ఉమ్మడిగా నీటి, మురుగు ప్రధాన గొట్టాలను, ప్రణాళికను, రవాణాను చూసుకోవడం వల్ల కట్టడాలు వరుసగా, ఒకదాన్ని ఆనుకొని ఒకటి పెరిగాయి. శివారు వీధుల్లోకి బస్సులు వచ్చాయి, ఇళ్ల పక్కనే బహుళ అంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి. 1950ల నాటి టొరంటో శివారు డాన్ మిల్స్‌లో కూడా విడి ఇళ్లతో పాటు అపార్ట్‌మెంట్లు, జంట ఇళ్లు కలిసి ఉన్నాయి. నగరం మధ్యగా వెళ్లవలసిన స్పడైనా ఎక్స్‌ప్రెస్‌వేను, నగరాలపై రాసిన రచయిత్రి జేన్ జేకబ్స్ తదితరుల ఉద్యమం తరువాత, 1971లో టొరంటో ఉన్న ఒంటారియో ప్రావిన్స్ ప్రధాని విలియం డేవిస్ నిలిపివేశాడు. 1973లో వాంకూవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియా ప్రావిన్స్ వ్యవసాయ భూముల రక్షణ చట్టం చేసింది. అదే ఏడాది అమెరికాలో ఒరెగన్ రాష్ట్రం కూడా నగరాల ఎదుగుదలకు హద్దులు గీయాలని శాసించింది గనుక, సంకల్పం ఉంటే సరిహద్దుకు దక్షిణాన కూడా ఇది సాధ్యమేనని చెప్పవచ్చు.

ఈ తేడా తెలుగువారికి దూరపు విషయం కాదు. వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడుతున్నది శివార్లలోనే. అలాంటి శివార్లలో ఒకటైన, డాలస్ ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో, ప్రాంతీయ రవాణా సంస్థ డార్ట్‌లో సభ్యనగరం కాదు. టొరంటో పడమరనున్న మిస్సిసాగా శివారుకు మాత్రం సొంత బస్సులు, ప్రాంతీయ రైళ్లు ఉన్నాయి.

కెనడాలో కూడా విస్తరణ ఆగిపోలేదు, హద్దులపై ఒత్తిడి తగ్గలేదు. టొరంటో చుట్టూ సుమారు 7,200 చదరపు కిలోమీటర్ల పొలాలను, అడవులను రక్షించేందుకు 2005లో ఒంటారియో హరిత వలయ చట్టం తెచ్చింది. 2022లో అందులోంచి ఇళ్ల నిర్మాణానికి విడదీసిన దాదాపు 7,400 ఎకరాలను ప్రజల నిరసన తరువాత 2023లో తిరిగి వలయంలో చేర్చింది.