భూమి కాగితములపై ఫసలీ

హైదరాబాదునకు తూర్పున నున్న లాలాపేట, నాచారము, ఉప్పలు నేడు ఇండ్లతో, కర్మాగారములతో నిండియున్నవి. ఒకప్పుడు ఈ నేలకు శిస్తు లెక్కలు ఫసలీ సంవత్సరములలో నడచెను. ఇంట దాచియుంచిన పాత కాగితముపై ‘1339 ఫసలీ, ఆజూర్’ అని కన్పించినచో అది ఏనాటిదో చెప్పగలవారు నేడు అరుదు. హక్కు ముందెవరిదో తేల్చవలసి వచ్చినప్పుడు కొన్ని నెలల తేడాయే తీర్పును మార్చగలదు. అందుచేత ఈ లెక్కను శ్రోతలకు కొంత వివరింపదలచితిమి.

‘ఫసల్’ అనగా పంట. హిజ్రీ సంవత్సరము చంద్రుని ననుసరించి ఇంచుమించు 354 దినములలో ముగియును. పంట సూర్యుని ననుసరించును. 33 పంటల యేండ్లు గడచునప్పటికి హిజ్రీ యేండ్లు 34 అగును. శిస్తును హిజ్రీ లెక్కన వసూలు చేసినచో, పండని పంటకు రైతు ఒక యేటి శిస్తు అదనముగా చెల్లింపవలసి వచ్చును గదా! ఈ చిక్కు తీర్చుటకే అక్బరు పాదుషా కాలమున ఫసలీ ఏర్పడెను. షాజహాను కాలమున దక్కనుకు వచ్చెను. మన పంచాంగకర్తలు ఇదే చిక్కును అధికమాసముతో తీర్చుకొనిరి.

20వ శతాబ్దమున నిజాము రాజ్యములో ఫసలీ సంవత్సరము అక్టోబరు 6వ తేదీ ప్రాంతమున మొదలయ్యెడిది. నెలల పేర్లు పారసీకములు: మొదటిది ఆజూర్, పిదప దై, బహమన్, ఇస్ఫందార్, కడపటిది ఆబాన్. మద్రాసు రాజధానిలోను ఫసలీ ఉండెను గాని, అచట అది జూలై 1న మొదలయ్యెడిది. 1930 ఆగస్టులో కృష్ణాజిల్లా నందిగామలో 1340 ఫసలీ నడచుచుండగా, సరిహద్దునకీవల మధిరలో ఇంకను 1339. ఇరుప్రక్కల పొలములున్న కుటుంబము పాట్లు ఊహింపవచ్చును.

సేద్యగాడు ఈ రెంటినీ పట్టించుకొనలేదు. అతని లెక్క కార్తెలది. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున నుండు 13, 14 దినములే ఒక కార్తె. రోహిణి ఎండలు ముగిసి, జూన్ 7, 8 తేదీలలో మృగశిర ప్రవేశించినంతనే అతడు నాగలి చూచుకొనును. విత్తుటకు ఏ ఫర్మానా అక్కరలేదు. ఆషాఢమున బోనాలు, భాద్రపద అమావాస్యనుండి బతుకమ్మ చాంద్రమానమున నడచును; పీర్ల పండుగ హిజ్రీ వెంట ఋతువులన్నిటిని చుట్టివచ్చును. ఇన్ని మానములు ఒక్క పల్లెలో నడచినను ఎవరును పండుగ తప్పలేదు. చిక్కంతయు కచేరీ కాగితములతోనే.

పూటను గూర్చియు ఒక మాట. పంచాంగపు ఘడియ 24 నిమిషములు. దాని లెక్క ఆ ఊరి సూర్యోదయమునుండి. రేడియోలో పండ్రెండు గంటలు చెప్పునప్పటికి లాలాపేటలో సూర్యుడు నడినెత్తికి రాడు. సగటున ఇంకొక 16 నిమిషములు పట్టును.

ఇక కాగితము చేతబట్టినవారు మొదట నెల పేరు చూడవలెను. పారసీక నామమున్నచో నిజాము లెక్కగా గ్రహింపవచ్చును. ఆజూర్, దై, బహమన్ నెలలకు ఫసలీ సంఖ్యకు 590 కలుపవలెను. ఇస్ఫందార్ మొదలు 591. బహమన్ కడపటి దినములు మాత్రము జనవరిలోనికి చొచ్చును. అచట జాగ్రత్త అవసరము. ఈ లెక్కన, హైదరాబాదు సైన్యము లొంగిపోయిన 1948 సెప్టెంబరు 17వ తేదీ 1357 ఫసలీ ఆబాన్ మాసమున పడును.