ఇంటి తొట్టెలో పగడాలు: కాల్షియం, ఆల్కలినిటీ లెక్క ఎలా కుదరాలి?

దక్షిణ అండమాన్‌లోని వండూరు నుంచి జాలీ బాయ్ దీవికి వెళ్లేవారిని అద్దం అడుగున్న పడవల్లో ఎక్కించి పగడపు దిబ్బలు చూపిస్తారు. 1983లో ఏర్పాటైన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఈ దీవి ఒక భాగం. అద్దంలోంచి కొమ్మల్లా, బల్లల్లా, మెదడులా కనిపించే ఆకారాలన్నీ నిజానికి సున్నపురాయే. నీటిలో కరిగి ఉన్న ఖనిజాలను తీసుకుని చిన్న చిన్న జీవులు ఏళ్ల తరబడి కట్టుకున్న గోడలవి.

ఆ దృశ్యాన్ని ఇంటి హాలులోనే చూసుకోవాలని ‘రీఫ్ ట్యాంక్’ పెట్టుకునేవారు ఉన్నారు. లైట్లకు, పంపులకు, రంగురంగుల చేపలకు వేలల్లో ఖర్చు పెడతారు. చేపలు బాగానే ఉంటాయి. కొన్ని నెలలకు పగడం మాత్రం పెరుగుదల ఆగిపోయి, చివర్లు తెల్లబడి చనిపోతుంది. ఇందుకు చాలా కారణాలు ఉండొచ్చు. వాటిలో ముందుగా చూడాల్సింది, ఎక్కువమంది చివరకు చూసేది ఒకటే: నీటిలో కాల్షియం, ఆల్కలినిటీల లెక్క.

రెండూ కలిసే ఖర్చవుతాయి

ఆల్కలినిటీ అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి. సముద్రపు నీటిలో ఈ శక్తి ప్రధానంగా బైకార్బొనేట్, కార్బొనేట్‌ల నుంచి వస్తుంది. పగడం ఒక పాలు కాల్షియానికి రెండు పాళ్ల బైకార్బొనేట్‌ను చేర్చి కాల్షియం కార్బొనేట్ తయారు చేసుకుంటుంది. గోడకు ఇటుకలు, సిమెంటు రెండూ కావాల్సినట్టే ఇక్కడా ఏ ఒక్కటి తగ్గినా పని ఆగుతుంది.

ఈ నిష్పత్తి మారదు. ఆల్కలినిటీ 1 డీకేహెచ్ ఖర్చయితే కాల్షియం లీటరుకు సుమారు 7 మిల్లీగ్రాములు తగ్గుతుంది. డీకేహెచ్ అనేది అక్వేరియం కిట్లలో వాడే కొలత. రొయ్యల రైతులు ల్యాబ్ రిపోర్టుల్లో చూసే పీపీఎంలోకి మార్చాలంటే దాన్ని దాదాపు 18తో హెచ్చిస్తే చాలు.

మామూలు సముద్రపు నీటిలో కాల్షియం లీటరుకు 410 నుంచి 420 మిల్లీగ్రాములు, ఆల్కలినిటీ 7 డీకేహెచ్ దాకా, మెగ్నీషియం 1,300 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. తొట్టెలో కాల్షియం 400-450, ఆల్కలినిటీ 7-9 మధ్య ఉంటే చాలు. అంకె ఎంత ఉందన్నదానికంటే అది రోజూ నిలకడగా ఉందా లేదా అన్నదే పగడానికి ముఖ్యం.

కొలిచాకే కలపాలి

వంద లీటర్ల తొట్టె ఉందనుకుందాం. సోమవారం ఆల్కలినిటీ 8.4 ఉంది. ఏమీ కలపకుండా గురువారం అదే వేళకు చూస్తే 6.9. అంటే రోజుకు అర డీకేహెచ్ ఖర్చవుతోంది. ఇదే మూడు రోజుల్లో కాల్షియం తగ్గింది 10 మిల్లీగ్రాములే. 420లో 10 తేడాను మామూలు కిట్ సరిగా పట్టుకోలేదు. అందుకే ఆల్కలినిటీని తరచుగా, కాల్షియాన్ని వారానికోసారి కొలవడం మేలు.

లోటు తెలిశాక పూడ్చడం కష్టం కాదు. పై తొట్టెకు రోజుకు గ్రామున్నర వంటసోడా ఆల్కలినిటీని భర్తీ చేస్తుంది. వాడాల్సింది వంటసోడాయే, బేకింగ్ పౌడర్ కాదు. దానికి జోడీగా 1.3 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ కావాలి. రెంటినీ మంచినీటిలో విడివిడిగా కరిగించి, నీరు బాగా తిరిగే చోట, వేర్వేరు వేళల్లో పోయాలి. ఒకేసారి ఒకేచోట పోస్తే అక్కడికక్కడే తెల్లగా విరిగిపోతాయి. పడిపోయిన ఆల్కలినిటీని పైకి తేవాల్సి వచ్చినా రోజుకు 1 డీకేహెచ్ దాటకూడదు.

బడిలో చూసిన సున్నపు తేటే

సున్నపు తేటలోకి గాలి ఊదితే పాలలా మారడం మనందరం బడిలో చూసిన ప్రయోగమే. ఇంకా ఊదుతూ పోతే ఆ తెలుపు మళ్లీ కరిగిపోతుంది. అప్పుడు నీటిలో మిగిలేవి కాల్షియం, బైకార్బొనేట్‌లే. పగడానికి కావాల్సిన నిష్పత్తిలోనే ఉంటాయి. రీఫ్ ట్యాంకులు పెంచేవారు సున్నపు తేట వాడేది ఇందుకే. ఆవిరైన నీటికి బదులుగా, ఎక్కువగా రాత్రిపూట, చుక్కచుక్కగా వదులుతారు.

దీని పీహెచ్ 12 పైనే ఉంటుంది కాబట్టి చర్మానికి, కళ్లకు ప్రమాదం. ఒక్కసారిగా పోస్తే తొట్టెలో జీవులన్నీ చచ్చిపోతాయి. కిళ్లీకొట్టు సున్నం పనికిరాదు. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ కావాలి.

కిట్ చెప్పని తప్పులు

పీహెచ్ తగ్గిందని ఆల్కలినిటీ పెంచేయడం ఒక పొరపాటు. తలుపులు బిగించి ఏసీ వేసుకున్న గదిలో మన ఊపిరి నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ వల్ల కూడా పీహెచ్ దిగుతుంది. అప్పుడు కిటికీ తెరవడమే మందు.

కాల్షియం, ఆల్కలినిటీ రెండూ కలుపుతున్నా నిలవకపోతే మెగ్నీషియం చూడాలి. సున్నం దానంతటదే గడ్డకట్టకుండా అడ్డుకునేది అదే. అది తగ్గితే మనం కలిపినదంతా పగడానికి అందకుండా గీజర్ కాయిల్‌కు పట్టినట్టు హీటరుకు, పంపుకు తెల్లగా పేరుకుంటుంది. ఉప్పు కలపడానికి బోరు నీరు కాకుండా ఆర్వో నీరు వాడాలి. బోరు నీటిలో ముందే ఉన్న ఖనిజాలు లెక్కను తారుమారు చేస్తాయి.

అండమాన్ నుంచి తేవచ్చా?

తేకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972లోని మొదటి షెడ్యూలులో రాతి పగడాలను 2001లో చేర్చారు. పులికి ఇచ్చే స్థాయి రక్షణ ఇది. సముద్రంలోంచి తీయడమే కాదు, ఒడ్డున దొరికిన చచ్చిన పగడపు ముక్కను సంచిలో వేసుకుని రావడమూ నేరమే. విదేశాల్లో పెంచిన పగడాలు అంతర్జాతీయ వాణిజ్యంపై ఉన్న సైటీస్ ఒప్పందం పరిధిలోకి వస్తాయి. దుకాణదారుడు ‘ఇంపోర్టెడ్’ అంటే సరిపోదు, పత్రాలు చూపించాలి.

చట్టం ఇంత కఠినంగా ఉండటానికి కారణం ఆ దీవుల్లోనే కనిపిస్తుంది. 2004 డిసెంబరు 26 భూకంపానికి ఉత్తర అండమాన్ తీరంలో నేల పైకి లేచి, పగడపు దిబ్బలు నీటి బయట పడి ఎండిపోయాయి. 2010లోనూ, 2016లోనూ సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడ్డాయి. వీటికీ ఆల్కలినిటీకీ సంబంధం లేదు. కానీ మరో మార్పు నేరుగా ఈ లెక్కలోనిదే. గాలిలో పెరుగుతున్న కార్బన్ డయాక్సైడ్ సముద్రంలో కరిగి, పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దగ్గర ఉన్న ఉపరితల పీహెచ్‌ను 8.1కు దించింది. కార్బొనేట్ తగ్గేకొద్దీ పగడం గోడ కట్టుకోవడం కష్టమవుతుంది.

తొట్టెలో లోటు వస్తే చెంచాతో కొలిచి పూడ్చుకోవచ్చు. జాలీ బాయ్ చుట్టూ ఉన్న నీటికి ఆ వీలు లేదు. అక్కడి పగడాన్ని అక్కడే ఉండనివ్వడం దానికి మనం చేయగలిగిన మొదటి సాయం.